పసుపు పట్టీల చిమ్మట

ఋజువుల మాస్టారని పేరుపడ్డ ఆ రిటైర్డ్ సైన్సు ఉపాధ్యాయుడు దేన్నీ నిరూపణ లేకుండా నమ్మేవారు కాదు. భార్య, కాలు విరిగిన అక్కగారికి సాయం వెళ్ళి నలభై రోజులైంది. ఇల్లు బోసిపోయిందన్న సంగతి మాత్రం ఆయన ఏ నిరూపణా అడక్కుండానే నమ్మేశారు.

రమ్మని అడగవచ్చు. కాని "నాకేం లోటు, నింపాదిగా ఉండి రా" అని బస్సెక్కించిన నోరాయె.

అంతలో పెరటి పూలమొక్కమీద ఒక బుల్లి ప్రాణి దొరికింది. నల్లటి రెక్కల్లో గాజు కిటికీల్లాంటి మచ్చలు, ఒంటికి పసుపు పట్టీలు, అచ్చం కందిరీగ వేషం. దీపం చుట్టూ తిరిగే చిమ్మటల జాతే, కాని పగలే ఎగురుతుంది. భూతద్దం పెట్టిన అయిదు నిమిషాల్లో మాస్టారు దాని వంశవృక్షమంతా తేల్చేశారు. తేల్చి, తేలలేదని నిశ్చయించుకున్నారు. సత్యానికి ఆయన చేసిన మొదటి ద్రోహం అదే.

ఫోను చేసి, వదినగారి కాలు గురించి క్లుప్తంగా, పురుగు గురించి విపులంగా మాట్లాడారు. అది చిమ్మటో సీతాకోకచిలుకో, పట్టీలు అయిదో ఏడో తన కళ్ళకు ఆనడం లేదన్నారు. దాని ఆయుష్షు నాలుగు రోజులే కనుక ఆదివారంలోగా ఆవిడ రావడం శాస్త్రానికి మేలన్నారు.

ఆవిడ ఫోటో పంపమంది. పురుగు అప్పటికి దండెం మీదికి మకాం మార్చింది. అక్కడే తీసి పంపారు.

"మీసాలు దారంలా ఉన్నాయి, సీతాకోకచిలుకకైతే చివర ఉండే గుండు లేదు. చిమ్మటే. పట్టీలు ఏడు. ఇంక నేనెందుకూ?" అంది ఆవిడ.

ఎగిరే తీరు కూడా చూడాలని మాస్టారు నసిగారు.

"సరేగాని, అది వాలింది నా ఆకుపచ్చ చీరమీద. నేనిక్కడుంటే అదెందుకు తడిసిందండీ?"

దుమ్ము పట్టిందన్నారు. బీరువాలోనా అని అడిగింది. ఆ చీర దండెం మీద ఊగుతుంటే వంటింటి కిటికీలోంచి ఇంట్లో ఇద్దరున్నట్టే కనిపిస్తుందన్న సంగతి ఏ పరిభాషలో చెప్పాలో ఆయనకు తట్టలేదు.

ఆవిడే మళ్ళీ అందుకుంది.

"అక్క నడవడం మొదలుపెట్టి వారమైంది. రమ్మంటారేమోనని రోజూ చూస్తున్నా. మీరేమో పురుగుల కబుర్లు చెబుతున్నారు."

"నువ్వే వచ్చెయ్యొచ్చుగా?"

"అడక్కుండా వస్తే పనైపోయి వచ్చినట్టుంటుంది. మీరు రమ్మన్నందుకు వచ్చినట్టుండదు."

ఈ తర్కంలో మాస్టారికి ఒక్క తప్పూ దొరకలేదు. గొంతు సవరించుకున్నారు.

"వచ్చెయ్యి. నాకేం తోచట్లేదు."

అవతల నవ్వు వినిపించింది, కాని ఆవిడది కాదు. ఫోను స్పీకరులో ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది.

"మరిదిగారూ, రేపటి బస్సుకే ఎక్కిస్తాను," అన్నారు వదినగారు. "ఆ మాట ఇంకొక్కసారి అనండి. ఇది మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంటోంది, సరిగ్గా విన్నట్టు లేదు."

మాస్టారు ఇంకొక్కసారి అన్నారు.