రెండు డేటాబేసులు, ఒక తల్లి

ఉదయం ఎనిమిదింటికి నంతోంగో తన డేటాబేసును మూడోసారి పరీక్షించింది. తప్పు దొరకలేదు. అప్పుడు చపాతీలో చుట్టిన గుడ్డట్టు పొట్లం విప్పింది.

కంపాలాలో, ఇనుప సామాన్ల కొట్టు పైన ఉంది వాళ్ల ఆఫీసు. పదింటికి వంశపెద్ద కలిబ్బాలా వస్తారు. వంశంలో ఎవరు ఎవరి బిడ్డో చూపే యాప్ కావాలి ఆయనకు. దాని వివరాలు క్లౌడ్‌లో ఎలా దాచాలన్నదే ఆరోజు తేలాలి. నంతోంగోది రిలేషనల్ పద్ధతి: పట్టికలు, వాటిని కట్టిపడేసే నియమాలు. యజమాని కిగ్గుండుది నోఎస్‌క్యూఎల్: మనిషికో ఫైలు, అందులో ఏం తెలిస్తే అది.

"నీది నెగ్గితే ప్రాజెక్టు పెత్తనం నీదే. యాప్ మీద ముందుండే పేరూ నీదే," అని కిగ్గుండు మాటిచ్చాడు. రెండేళ్లలో ఆమె మూడు యాప్‌లు చేసింది. మూడింటి మీదా అతని పేరే ఉంది.

"నీది పోలీసు చెక్‌పోస్టులా ఉంది," అన్నాడు కిగ్గుండు.

"మీది టాక్సీ పార్కులా ఉంది సార్. ఎవరొస్తే వాళ్లని ఎక్కించుకోవడమే."

కలిబ్బాలా పాదాల దాకా జారే తెల్లటి కాంజు మీద కోటు తొడుక్కుని, చేతికర్రతో వచ్చారు. కిగ్గుండు ముందు తనది చూపించాడు.

"దేనికీ అడ్డుండదు తాతగారూ."

"అయితే నా తండ్రి పేరు దగ్గర మా మేక పేరు రాయి."

"మేకా?"

"రాయవయ్యా."

కిగ్గుండు రాశాడు. డేటాబేసు పుచ్చుకుంది. తనిఖీలు ప్రోగ్రాములో విడిగా రాసుకోవచ్చని అతను చెప్పబోయాడు.

"మా మేకకు మాత్రం చెప్పకు, మురిసిపోతుంది," అన్నారు కలిబ్బాలా.

నంతోంగో తన దాంట్లో అదే పేరు కొట్టింది. 'ఇలాంటి మనిషి లేరు' అని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. కలిబ్బాలా కర్రతో నేల తట్టారు.

"అచ్చం మా ఆవిడ! గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతుంది."

నంతోంగో కుర్చీలో నిటారుగా కూర్చుంది. తనూ కిగ్గుండూ ఆ వంశం వాళ్లే కాబట్టి, పరీక్ష కోసం తమ శాఖలోని ముప్పై ఏడుమందిని ఆమె ముందే ఎక్కించింది. పెద్దాయన కిగ్గుండు వివరాలు చూపించమన్నారు. తల్లి: నకిగండా.

"ఆవిడ పోయింది కదా. కడపటి కర్మ నేనే దగ్గరుండి చేయించాను. ఆవిడ వారసురాలెవరు?"

కిగ్గుండు కిటికీలోంచి బయటకు చూశాడు.

"నేనే తాతగారూ," అంది నంతోంగో.

నకిగండా ఆమెకు మేనత్త. వంశాచారం ప్రకారం, పోయిన మనిషి స్థానంలో కూర్చున్నవారే ఆ మనిషి అవుతారు. కర్మనాడు చెట్టు బెరడు బట్ట కట్టుకుని మేనత్త స్థానంలో కూర్చున్నప్పటి నుంచి, ఇరవై ఆరేళ్ల నంతోంగో నలభై రెండేళ్ల కిగ్గుండుకు తల్లి. ఇంటి దగ్గర అతను 'అమ్మా' అంటాడు. ఆఫీసులో ఆ మాట వినపడకూడదని ఇద్దరికీ ఒప్పందం ఉంది. కోరింది కిగ్గుండే.

"మరి తల్లి గడిలో నీ పేరూ రాయి," అన్నారు కలిబ్బాలా.

రాసింది. 'తల్లి కొడుకుకంటే పదహారేళ్లు చిన్న. కుదరదు.'

"నీ చెక్‌పోస్టు నిన్నే ఆపేసిందే!" అన్నాడు కిగ్గుండు.

నంతోంగో వయసు నియమం తీసేసింది. 'ఒకరికి ఒకే తల్లి. కుదరదు.'

"పాతావిడను తీసెయ్యమ్మా. ఒక స్థానంలో ఇద్దరు కూర్చోరు. పోయిన తల్లులందర్నీ ఒకేసారి తీసెయ్, పనైపోతుంది," అన్నారు కలిబ్బాలా.

నంతోంగో మీట నొక్కింది. తల్లిదండ్రుల్లో ఒకరు చెరిగిపోయినా బిడ్డ ఉండకూడదన్నది ఆమె రాసిన మరో నియమం. అన్నిటికన్నా ఆమెకు అదే ఇష్టం. పోయిన తల్లులతోపాటు వాళ్ల బిడ్డలు పోయారు. ఆ బిడ్డల బిడ్డలూ పోయారు. తల్లిదండ్రుల పేర్లు ఎక్కించని, బయటి వంశాల నుంచి వచ్చిన ముగ్గురు కోడళ్లు మాత్రం మిగిలారు.

"నేనెక్కడ?" అన్నారు కలిబ్బాలా.

"లేరు తాతగారూ."

"మా ఆవిడ?"

"ఉన్నారు."

"ఉంటుంది."

టీ వచ్చింది. కిగ్గుండు కప్పు అందించబోయాడు.

"లేని మనిషికి టీ ఎందుకయ్యా?"

"కాపీ ఉంది తాతగారూ. ఇరవై నిమిషాల్లో అందర్నీ వెనక్కి తెస్తాను," అంది నంతోంగో.

"నా దాంట్లో మీరింకా ఉన్నారు తాతగారూ," అన్నాడు కిగ్గుండు.

"ఉన్నాను. మేక కొడుకుగా."

పెద్దాయన కుర్చీని నంతోంగో పక్కకు లాక్కున్నారు. "చూడమ్మా, పోయింది మనిషి. స్థానం పోలేదు. నువ్వు రెండింటినీ ఒకే గడిలో పెట్టావు."

అందరూ వెనక్కి వచ్చాక నంతోంగో ఇంకో పట్టిక చేర్చింది: ఎవరి స్థానంలో, ఎప్పటి నుంచి, ఎవరు. వయసు నియమాన్ని తిరిగి పెట్టి, కన్నతల్లికి మాత్రమే వర్తించేలా చేసింది. మనుషులెవర్నీ తీసెయ్యక్కర్లేకపోయింది. తెర మీద కనిపించింది: 'కిగ్గుండు. కన్నతల్లి: నకిగండా. ఇప్పుడు ఆ స్థానంలో: నంతోంగో.'

కలిబ్బాలా తన పేరు వెతికి చూసుకున్నారు. చల్లారిన టీ తాగారు.

"ఇదే మాకు కావాలి. ఒక్క మీట నొక్కితే వంశం మొత్తం కూలిందంటే, వంశం దేనిమీద నిలబడిందో దీనికి తెలుసన్నమాట. మా తాతలు నోటితో చెప్పిందాన్ని ఈ పిల్ల పట్టికలో కట్టింది."

మూడు వారాల నిద్ర బాకీ ఉన్న నంతోంగో తెర మీద తన పేరు మళ్లీ చదువుకుంది.

"నీకు మాటిచ్చిన ప్రాజెక్టు పెత్తనం సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం," అన్నాడు కిగ్గుండు.

కలిబ్బాలా కర్రతో తెర చూపించారు. "ఏమయ్యా, తల్లికిచ్చిన మాట తప్పుతావా?"

కిగ్గుండు తెర చదివాడు. దిద్దడానికి అందులో తప్పేమీ లేదు.

"లేదు," అన్నాడు. కాసేపాగి, "అమ్మా," అన్నాడు.

మర్నాడు కిగ్గుండు అరగంట ఆలస్యంగా వచ్చాడు. నంతోంగో ముందు టిఫిన్ తిన్నావా అని అడిగి, తర్వాత సంజాయిషీ రాసివ్వమంది.