జలగల తీర్మానం

“ఇకమీదట స్లెడ్‌బీ పేరు వింటే ఇంగ్లండంతా వణికిపోవాలి” అని మా టౌన్ కౌన్సిల్ లీడర్ డెస్మండ్ పిక్‌స్టాక్ గారు మార్కెట్ కూడలిలో, చేపలూ చిప్సూ అమ్మే కొట్టు ముందు, ఇంకొకరి చేత గొడుగు పట్టించుకుని ప్రకటించారు. అప్పటిదాకా మా ఊరి పేరు విని ఎవరూ వణికిన దాఖలాలు లేవు. ఊళ్లో ఉన్నవాళ్లం వణికేవాళ్లం, అది చలికి.

ఎలా వణికిస్తారో కూడా ఆయనే చెప్పారు. మా ఊరి రచయిత్రి మావిస్ థ్రెల్‌ఫాల్ గారు నలభై ఏళ్ల కిందట రాసిన ‘బురద దాహం’ అనే భయానక నవలని కౌన్సిల్ ఆధ్వర్యంలో సినిమాగా తీస్తారు. అది చూసిన జనం బస్సులెక్కి మా ఊరు వస్తారు. వచ్చి టీ తాగుతారు. దాంతో ఊరు బాగుపడుతుంది. నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదివాను గానీ ఇంత సులువైన ప్రణాళిక ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మావిస్ గారిది మా పక్కిల్లు. ఎనభై దాటాయి. ఒకప్పుడు రైల్వే స్టేషన్ కొట్లలో వేలాడిన భయానక నవలలు బోలెడు రాశారు, అన్నీ మాక్స్ డ్రేవెన్ అనే మగ పేరుతోనే. ఆడవాళ్లు భయపెడితే మొగుళ్లు తప్ప ఎవరూ భయపడరని ఆవిడ ప్రచురణకర్త నమ్మకం. అట్టల మీద చాలీచాలని బట్టల్లో ఒకమ్మాయి కేకలు పెడుతూ ఉండేది. ఆ అమ్మాయి లోపల ఏ పేజీలోనూ కనిపించేది కాదు. మా తరం వాళ్లందరం వాటిని లెక్కల పుస్తకంలో దాచుకుని చదివినవాళ్లమే.

‘బురద దాహం’లో మా ఊరి చివరి కాలువలోంచి కుక్కలంత జలగలు వందలుగా బయటికొస్తాయి. ఊరి సంబరాలు పాడవుతాయని ఆ సంగతి దాచిపెట్టిన కౌన్సిల్ లీడర్‌ని రెండో అధ్యాయంలోనే పీల్చి పిప్పి చేస్తాయి. మిగతా ఊరు లైబ్రరీలోకి పరిగెత్తి ప్రాణాలు కాపాడుకుంటుంది. లైబ్రరీయే ఎందుకంటే, ఆవిడ ఆ నవలంతా అక్కడే కూర్చుని రాశారు, కిటికీ పక్క బల్ల దగ్గర. తర్వాతవన్నీ కూడా అక్కడే రాశారు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే అక్కడికే వెళతారు. ఇంట్లో ఆవిడకి మాట్లాడే దిక్కు లేదు.

ఆ లైబ్రరీ తలుపు మీదే లీడర్ గారు నోటీసు అంటించారు. త్వరలో మూసేస్తారట. సినిమా విడుదలయ్యాక దాన్ని ‘జలగ అనుభవ కేంద్రం’గా మారుస్తారట. పుస్తకాల సంగతేమిటని ఎవరో అడిగితే, “జలగలు చదవవు కదా” అన్నారు. వాదన తోసిపుచ్చలేనిది.

నవల హక్కుల కోసం ఆయన మావిస్ గారి వంటింటికి స్వయంగా వచ్చారు. వెంట దర్శకుడు జాస్పర్ ఉన్నాడు. అంతకుముందు పెళ్లి వీడియోలూ, ఒక తివాచీల దుకాణం ప్రకటనా తీసినవాడు. కేకు నేను చేశాను కాబట్టి నేనూ ఉన్నాను.

“నవల తీసుకోండి నాయనా. లైబ్రరీ మాత్రం మూయకండి” అన్నారు మావిస్ గారు.

“తప్పకుండా పరిశీలిస్తాం మావిస్ గారూ” అన్నారు లీడర్.

ఆ మాటకి మా దేశంలో కుదరదని అర్థం. చంటిపిల్లలకి కూడా తెలుసు. మావిస్ గారికీ తెలుసు. అయినా తలూపారు. లీడర్ గారు కేకు రెండో ముక్క తీసుకుని అసలు విషయంలోకి వచ్చారు.

“లీడర్ వేషం నేనే వేస్తున్నానండీ. మరి రెండో అధ్యాయంలోనే చచ్చిపోతే ఎలా?”

“తప్పు చేశాడు కదండీ, అందుకని చచ్చాడు.”

“ఎన్నికలొస్తున్నాయి. చచ్చిపోయినవాడికి ఎవరు వేస్తారు ఓటు? పైగా ఊరిని కాపాడాల్సింది లీడరే.”

“దేంతో కాపాడతారు?”

“మీటింగ్‌తో.”

మావిస్ గారు బిస్కెట్‌ని టీలో ముంచి, అది విరిగి పడేదాకా చూశారు. “జలగలు మీటింగ్‌కి వస్తాయా నాయనా?”

“రానక్కర్లేదండీ. పెట్టామని వాటికి తెలిస్తే చాలు. పెద్ద ఉపన్యాసం, తర్వాత తీర్మానం. జలగలు వెనక్కి తగ్గుతాయి.”

“బానే ఉంది. అయితే ఆ సీను నన్ను రాయనివ్వండి. ఊరంతా లైబ్రరీలో దూరాలి కదా, దానికి తగ్గట్టు రాస్తాను.”

“మీ దయ” అన్నారు లీడర్ గారు. “ఉపన్యాసం మాత్రం కాస్త పొడుగ్గా.”

వాళ్లు వెళ్లాక అడిగాను. “ఎందుకిచ్చారండీ? ఆయన ఎలాగూ మూసేస్తాడు.”

“సినిమాగా చూడాలని నలభై ఏళ్లుగా కోరిక తల్లీ. పోనీ, ఎంత చెడగొడతారో చూద్దాం” అన్నారు.

చాలా చెడగొట్టొచ్చని జలగల తయారీతోనే తేలిపోయింది. ఆ పని మా కుట్టుసంఘానికి అప్పజెప్పారు. నవలలో జలగలు వందలుంటే బడ్జెట్ ఒకటిన్నరకి ఒప్పుకుంది. లోపల మనిషి దూరేంత నిండు జలగ ఒకటి, తలుపు చాటు నుంచి తోక చూపించడానికి సగం జలగ ఒకటి. నల్ల మేజోళ్లలో చెత్త సంచులు కూరి కుట్టాం. నిగనిగలాడాలని గిన్నెలు తోమే సబ్బు పూశాం. మొదటి రోజే వాన పడి జలగకి నురగ వచ్చింది. జాస్పర్ మెచ్చుకున్నాడు. “పిచ్చిపట్టిన జలగలా ఉంది, సహజంగా ఉంది” అన్నాడు.

తర్వాత కౌన్సిల్ భద్రతాధికారి వచ్చారు. కాలువ గట్టు మీద పనిచేసే ఎవరైనా సరే మెరిసే పసుపుపచ్చ కోటు తొడుక్కోవాలన్నారు. జలగ లోపల మనిషి ఉన్నాడు కాబట్టి జలగకీ ఇది వర్తిస్తుందన్నారు.

“లోపల తొడుక్కున్నాడండీ” అన్నాడు జాస్పర్.

“లోపల తొడుక్కుంటే బయటికి ఎలా కనిపిస్తుంది?”

ఆ రకంగా మా జలగ కోటు తొడుక్కుని కాలువలోంచి పైకొచ్చింది. నిబంధనల్ని ఇంత గౌరవించిన రాక్షసజీవిని భయానక సాహిత్యంలో నేనింకెక్కడా చూడలేదు.

జనం ప్రాణభయంతో పారిపోయే సీనుకి ఊరంతా తరలివచ్చింది. జాస్పర్ కేక పెట్టగానే జలగ సందు మలుపు తిరిగింది. మా ఊరివాళ్లు లైబ్రరీ మెట్ల దగ్గరికి పరిగెత్తి, అక్కడ క్యూ కట్టారు.

“తోసుకోండి బాబూ, చచ్చిపోతున్నారు మీరు” అని మొత్తుకున్నాడు జాస్పర్.

“ఈవిడ నాకంటే ముందొచ్చిందయ్యా” అన్నాడు రొట్టెల కొట్టు ఆయన.

“పర్లేదు, మీరు వెళ్లండి.”

“అబ్బే, మీరే వెళ్లండి.”

ఎన్నిసార్లు తీసినా ఇదే వరస. చివరికి జలగ కూడా క్యూ చివర నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగింది. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి దానికి సారీ చెప్పాడు. ఆ ముక్క సినిమాలో ఉంచేశారు.

ఇక లీడర్ గారి మీటింగ్ సీను. అద్దె సెట్టుకి దారి లేదు కాబట్టి కౌన్సిల్ హాలే సెట్టు, కౌన్సిలర్లే నటులు. దీనికోసం డిప్యూటీ లీడర్ క్లైవ్ ఆర్‌మిట్ గారు ఏడాదంతా ఎండ కాసే టెనెరీఫ్ దీవి నుంచి విమానంలో దిగారు. ఆయన స్లెడ్‌బీ ప్రజలకి సేవ చేసేది ఎక్కువగా అక్కడి నుంచే. వేయించిన వేరుశెనగ గింజ రంగులో ఉన్నారు.

ఆయన రాక వెనుక ఇంకో కారణం కూడా ఉంది. ఆరు నెలలపాటు ఒక్క మీటింగ్‌కీ రాని కౌన్సిలర్‌కి మా చట్టం ప్రకారం సీటు పోతుంది. క్లైవ్ గారికి గడువు ముంచుకొచ్చింది. లీడర్ గారి పార్టీకి ఉన్న ఆధిక్యం సరిగ్గా ఒక్క సీటు. అందుకని టౌన్ క్లర్క్ మిస్ హోల్‌బెక్‌ని లీడర్ గారు పక్కకి పిలిచారు.

“ఈ సీనుని మీటింగ్ కిందే నడిపించండి. క్లైవ్‌కి హాజరు పడాలి. ఎలాగూ అందరం వస్తాం, మళ్లీ మళ్లీ ఎవరు పిలుస్తారు?”

“మీటింగ్ అంటే మీటింగే ఉండాలండీ” అన్నారు ఆవిడ. “ముందే నోటీసు అంటించాలి, గంట కొట్టాలి.”

“అంటించండి, కొట్టండి. సినిమాకి కూడా సహజంగా ఉంటుంది.”

నోటీసు అంటించారు. చెప్పిన రోజున గంట కొట్టారు. జాస్పర్ “యాక్షన్” అన్నాడు. ‘యాక్షన్’ అనే అంశం అజెండాలో లేదని మిస్ హోల్‌బెక్ అభ్యంతరం చెప్పారు. తర్వాత లీడర్ గారు లేచి మావిస్ గారు రాసిన ఉపన్యాసం అందుకున్నారు. ఎంత తన్మయత్వంతో చదివారంటే, మధ్యలో కెమెరామన్ చేతులు మార్చుకున్నాడు.

“ఈ గడ్డ మీద జలగ తిరిగినంత కాలం, తిరగకపోయినా సరే, స్లెడ్‌బీ లైబ్రరీ తలుపులు మూయరాదని, అందులో ఒక్క పుస్తకం కదపరాదని తీర్మానిస్తున్నాను” అని ముగించారు.

క్లైవ్ గారు బలపరిచారు. అన్ని చేతులూ లేచాయి. తర్వాత రెండో తీర్మానం కూడా ఏదో చదివారు గానీ, అప్పటికి ప్రేక్షకుల బెంచీలో నాకు కునుకు పట్టింది. చప్పట్లకి లేచాను.

సినిమాని చర్చి హాల్లో విడుదల చేశారు. మావిస్ గారు లేత నీలం కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. సినిమాలో జలగ వస్తుంది, క్యూలో నిలబడుతుంది, తోక చూపిస్తుంది. మిగతా సినిమా అంతా లీడర్ గారి ఉపన్యాసం. ఆయన మాట్లాడుతూండగా జలగ కిటికీలోంచి కాసేపు విని, నెమ్మదిగా కాలువలోకి దిగిపోతుంది. ఆ జలగ మీద నాకు సానుభూతి కలిగింది.

దీపాలు వెలిగాయి. ఎవరూ బాగాలేదనలేదు. మా దగ్గర అలా అనరు. “ఆసక్తిగా ఉంది” అన్నారు. “చాలా ఆసక్తిగా ఉంది” అని సవరించాడు రొట్టెల కొట్టు ఆయన. అంతకంటే పెద్ద తిట్టు మా భాషలో లేదు. లీడర్ గారు అందరితో చేయి కలిపి కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

మావిస్ గారూ నేనూ కలిసి ఇంటికి నడిచాం.

“నా జలగల ఊపిరి చీకట్లో వినిపించేది” అన్నారు ఆవిడ. “అది రాయడానికి వారం పట్టింది నాకు.”

“పుస్తకంలో ఉంది కదండీ.”

“ఆ పుస్తకం నా దగ్గర కూడా లేదు తల్లీ. లైబ్రరీలో ఉన్నదొక్కటే.”

ఆ తర్వాతి మీటింగ్‌లో లైబ్రరీ మూసివేత తీర్మానం పెట్టారు. ప్రజల ప్రశ్నలకి సమయం ఇవ్వగానే మావిస్ గారు లేచారు.

“మూయరాదని మీరే తీర్మానించారు కదా నాయనా, మళ్లీ ఇదేమిటి?”

లీడర్ గారు ముచ్చటపడి నవ్వారు. “అది సినిమా మావిస్ గారూ.”

“గంట కొట్టారే.”

“సినిమా గంట.”

“నోటీసు కూడా అంటించారు.”

“సినిమా నోటీసు. అది అసలు మీటింగే కాదని ఈ సభాముఖంగా ప్రకటించడానికి నేను సిద్ధం.”

“డెస్మండ్” అన్నారు క్లైవ్ గారు, గొంతు తగ్గించి. హాలు చిన్నది కావడం వల్ల అందరికీ వినపడింది. “గడువులోపు నేను వచ్చింది ఆ ఒక్కదానికేనయ్యా.”

లీడర్ గారి నవ్వు మొహం మీదే ఉండిపోయింది. ఆయన క్లైవ్ గారిని చూశారు. తర్వాత ప్రతిపక్షం బెంచీలో ఎంతమంది ఉన్నారో చూశారు. మిస్ హోల్‌బెక్ కలం మూత తీశారు.

“కాదని రాసుకోమంటారా అండీ?”

లీడర్ గారు నీళ్లు తాగారు. కోటు సర్దుకున్నారు. “ఈ కౌన్సిల్ చరిత్రలో అంత బాధ్యతాయుతమైన మీటింగ్ జరగలేదు” అన్నారు. “లైబ్రరీ విషయంలో మా చిత్తశుద్ధిని శంకించేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.”

మూసివేత నోటీసుని ఆయనే స్వయంగా చింపారు, ఫోటోగ్రాఫర్ వచ్చేదాకా ఆగి. క్లైవ్ గారు మధ్యాహ్నం విమానానికి టెనెరీఫ్ వెళ్లిపోయారు. మావిస్ గారు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని తన పుస్తకం తనే తీసుకుని చదువుకున్నారు. వెళ్లేటప్పుడు నాకు చేయి ఊపారు.

అయితే తీర్మానం చెల్లితే రెండు తీర్మానాలూ చెల్లాలి. రెండోది కాలువలోని జలగల మీద యుద్ధం ప్రకటిస్తూ చేసింది. నాయకత్వం లీడర్ గారిది. మర్నాడు పొద్దున రబ్బరు బూట్లు తొడుక్కుని, చేత్తో పొడుగాటి కర్ర పట్టుకుని ఆయన కాలువ గట్టు మీద నిలబడి ఉండగా నేను చూశాను. పక్కన మిస్ హోల్‌బెక్ గొడుగు పట్టుకుని, జరిగేది రాసుకుంటున్నారు. మా వారపత్రిక విలేకరి కూడా వచ్చాడు.

“యుద్ధం ఎలా సాగుతోందండీ?”

“తీర్మానం చేసిన రోజు నుంచి ఈ ఊళ్లో ఒక్క మనిషిని కూడా జలగ కరవలేదు” అన్నారు లీడర్ గారు, నీళ్లకేసి తీక్షణంగా చూస్తూ. “ఓటు వేసేముందు ప్రజలు ఈ సంగతి ఆలోచించుకోవాలి.”