దొరగారి భోజనం, అమ్మమ్మ బుట్ట

మనల్ని తరాల తరబడి ఏలి వెళ్లిన దొరలకు వీధికో విగ్రహం పెట్టాలని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. వినేవాళ్లేరీ? అది దోచుకుపోయారు, ఇది దోచుకుపోయారు అని ఒకటే గోల. పోనివ్వండి! పోయిన వస్తువులు ఎక్కడున్నాయి? వాళ్ల దేశంలో, అద్దాల పెట్టెల్లో, ఏసీలో. మన ఇళ్లలోనే ఉండి ఉంటే ఈపాటికి ఎలకలు కొట్టేసేవి కావూ?

అసలు దొరలు రాకముందు మన పరిస్థితి ఏమిటి? మా వాళ్లు వెదురు బుట్టలు అల్లేవాళ్లు. ఎలా అల్లుతున్నారో ఎక్కడా రాసి లేదు! బొమ్మ లేదు, కొలత లేదు, పేజీ నంబరు లేదు. తల్లి పక్కన కూర్చుని కూతురు చూసేది, చూసి అల్లేసేది. దీన్ని చదువు అంటారా? ఆ బుట్టల్లోనే గింజలు మోశారు, చేపలు మోశారు, పసిపిల్లల్ని పడుకోబెట్టారు. అజ్ఞానానికి ఎంత ధైర్యం!

అప్పుడు వచ్చాడండీ ఒక దొర, మహానుభావుడు. మా వాళ్ల మధ్య మూడు రోజులు కూర్చుని మూడు వందల పేజీల పుస్తకం రాశాడు. రోజుకు వంద పేజీలు! అందులో బుట్టల సంగతి నలభై ఒకటో పేజీ నుంచి నలభై నాలుగు దాకా ఉంది. మిగతా పేజీల్లో మా వాళ్లు సోమరులని, కారణం లేకుండా నవ్వుతారని ఉంది. అది చదివినప్పటినుంచి నేను నవ్వే ముందు కారణం వెతుక్కుంటున్నాను. చాలాసార్లు దొరకడం లేదు.

మా వాళ్లకు బుట్టలు నలభై రకాలు, నలభై పేర్లు. దొర ఏడు రాసుకుని చాలన్నాడు. ముప్పై మూడు పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ తప్పించిన ఆ చేతులకు దండం పెట్టొద్దూ?

బడి కూడా వాళ్ల పద్ధతే. ఇంటి భాషలో నోరు జారితే బెంచీ ఎక్కి నిలబడాలి. నా చదువు దాదాపు బెంచీ మీదే సాగింది. ఇంటి భాష పోయిందనుకోండి, కానీ నా పిక్కలు చూడండి, ఉక్కు!

ఇంతకీ నేనెవరినో చెప్పలేదు. సంప్రదాయ వృత్తుల ధ్రువీకరణ కార్యాలయంలో, బుట్టల విభాగానికి పరీక్షాధికారిని. బుట్టల మీద రెండేళ్ల డిప్లొమా, ఫస్ట్ క్లాస్. ఆ రెండేళ్లలో ఒక్క వెదురు బద్ద ముట్టుకుంటే ఒట్టు. చేతికి గీసుకుంటే పరీక్ష ఎలా రాస్తాం?

దొర పుస్తకం ప్రకారం మా ఆఫీసు ఒక ప్రామాణిక బుట్టను తయారు చేయించింది. చూడముచ్చటగా ఉంటుంది. చిన్న ఇబ్బంది ఒక్కటే. అందులో ఏదైనా వేస్తే అడుగు ఊడిపోతుంది. తప్పు బుట్టది కాదు, వేసేవాడిది! అందుకే బుట్టల్లో ఏమీ వేయరాదని సర్క్యులర్ తీశాం. ఇప్పుడు అవి గోడలకు హాయిగా వేలాడుతున్నాయి.

మార్కెట్లో బుట్టలు అమ్మేవాళ్లందరికీ సర్టిఫికెట్ తప్పనిసరి చేశాక, గత నెలలో పరీక్షకు ఒక అభ్యర్థి వచ్చింది. మార్కెట్ గేటు పక్కన నలభై ఏళ్లుగా బుట్టలు అల్లి అమ్ముతున్న మనిషి. సర్టిఫికెట్ లేకపోతే సోమవారం నుంచి అక్కడ కూర్చోవడానికి వీల్లేదని ఇన్‌స్పెక్టర్ నోటీసు ఇచ్చాడు. ఆ చోటు తప్ప ఆమెకు వేరే లోకం లేదు. ఆ అభ్యర్థి మా అమ్మమ్మ.

తాతకు దగ్గులు నేర్పుతున్నామని మీరు ఎగతాళి చేస్తారని తెలుసు. నేర్పితే తప్పేమిటండీ? ఎన్నాళ్లని శాస్త్రం లేకుండా దగ్గుతాడు?

నేనూ, మా పెద్ద సారూ కుర్చీల్లో కూర్చున్నాం. అమ్మమ్మ నానబెట్టిన బద్దలు తెచ్చుకుని నేల మీద కూర్చుంది.

"ఏరా, అలా చిక్కిపోయావేం? పొద్దున ఏమైనా తిన్నావా?"

"అభ్యర్థి పరీక్షాధికారిని ఏరా అనకూడదు" అన్నారు పెద్ద సారు. నేను ఆ మాట నోట్ చేసుకున్నాను.

అమ్మమ్మ బద్దలు అడ్డంగా, నిలువుగా పరిచి అడుగు వేసింది. నేను పుస్తకం తీసి ఒక్కో పనికీ టిక్కు పెడుతున్నాను. ఇక బద్దల కొసలు పైకి వంచి గోడలు లేపాలి. ఆవిడ వంచలేదు! సన్నటి తడి బద్ద ఒకటి తీసుకుని అడుగు చుట్టూ ఏదో మెలిపెడుతూ మూడు చుట్లు బిగించింది.

"ఆగు అమ్మమ్మా! అది పుస్తకంలో లేదు."

"ఎందుకుంటుంది? ఆ దొర అప్పుడు అన్నానికి వెళ్లాడట. మా అవ్వ చెప్పేది. తడి బద్ద ఆరితే విరిగిపోతుంది, ఆయన తినొచ్చేదాకా ఆగుతుందా మరి? ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి అవ్వ అడుగు బిగించేసి గోడలు లేపుతోందట."

"మరి ఆయనకు చెప్పలేదా?"

"అడిగితే కదరా చెప్పడానికి! రాసుకోవడంలోనే ఉన్నాడట ఆయన."

పుస్తకం తిరగేసి చూశాను. నలభై రెండో పేజీ బొమ్మలో పరిచిన అడుగు. నలభై మూడో పేజీలో లేచిన గోడలు. రెండు పేజీలకూ మధ్య దొరగారి భోజనం.

బుట్ట పూర్తయింది. అమ్మమ్మ మా అల్మారాలో ఉన్న దొర పుస్తకం ప్రతులు పన్నెండూ అందులో పేర్చి, నెత్తిన పెట్టుకుని గదంతా తిరిగొచ్చింది. అడుగు ఇసుమంత కదల్లేదు.

పెద్ద సారు కాసేపు ముక్కున వేలేసుకున్నారు. ఆ వెంటనే తేరుకున్నారు. "మోసిందయ్యా, కాదనను. అది ప్రామాణిక బుట్ట అయితే మోయకూడదు కదా?"

ఎంత తర్కం! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఊరికే అన్నారా? నేను కలం తీసి, 'అభ్యర్థికి బుట్ట అల్లడం రాదు' అని రాసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టాను. ఉద్యోగం మరి!

"ఏం రాశావు నాయనా?" అంది అమ్మమ్మ. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాను. ఆమె బుట్టలోంచి పుస్తకాలు తీసి, దాన్ని నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. సోమవారం ఇన్‌స్పెక్టర్ నా కాగితం చూపించి ఆమెను గేటు దగ్గర నుంచి లేపేశాడు.

ఆ బుట్ట నా టేబుల్ మీదే ఉండిపోయింది. రోజూ కంటబడుతుంటే మనసు ఊరుకుంటుందా? ఒకరోజు తలుపు వేసుకుని, ఆ మూడు చుట్లూ విప్పి చూశాను. విప్పడం ఎంతసేపు! మళ్లీ బిగించడం మాత్రం నా వల్ల కాలేదు. బద్ద విరిగింది, వేలు తెగింది, అడుగు ఊడి ఒళ్లో పడింది. ఇప్పుడది అచ్చం ప్రామాణిక బుట్ట. కళ్లు మూసుకుని పాస్ చేయొచ్చు!

మా అమ్మ అల్లిక మానేసి టైపు నేర్చుకుంది. నేను డిప్లొమా చేశాను. ఆ మెలిక తెలిసిన చేతులు లోకంలో ఇప్పుడు రెండే. ఇంతసేపూ దొరను పొగిడాను గానీ, నిజం చెప్పనా? ఆయన ఆకలేసి వెళ్లాడు, చూడలేదు. నేను ఎదురుగా కూర్చుని, కళ్లు తెరుచుకుని చూశాను. కాగితం మీద సంతకం ఆయనది కాదు, నాది. నాకు సిగ్గుగా ఉంది.

నిన్న ఆమె ఇంటికి వెళ్లాను. కిటికీ పక్కన ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. ఇల్లంతా వెతికినా ఒక్క వెదురు బద్ద లేదు.

"అమ్మమ్మా, ఆ మూడు చుట్లు ఎలా వేస్తారో ఒక్కసారి చూపించవా?" అని అడిగాను.

ఆమె నా వేలికున్న కట్టు చూసింది, తర్వాత నా మొహం చూసింది.

"నాకేం తెలుసు నాయనా? నాకు బుట్ట అల్లడం రాదుగా" అంది. "నువ్వే చదివి వినిపించావు."