సత్యవేణి యాభయ్యో పుట్టినరోజు

సత్యవేణికి ఇరవై రెండేళ్ళు, ఆమె కన్న కూతురు మౌనికకు ఇరవై ఆరు, కొడుకు కిరీటికి ఇరవై మూడు. రేషను కార్డులో వయసుల వరసన రాసిన పేర్లలో తల్లి పేరు అందరికంటే అడుగున ఉండేది. ఇందులో ఆ ఇంట్లోగాని, ఆ వీధిలోగాని ఎవరికీ వింతేమీ తోచలేదు. ఇంట్లో ఇంకొకరు చేసిపెట్టిన కేకు కోస్తేనే మనిషికి ఏడాది పెరుగుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెళ్ళయ్యాక సత్యవేణికి ఎవరూ కేకు చెయ్యలేదు. కనుక పెరగలేదు. అంతే సంగతి.

వయో నమోదు శాఖవారి నిబంధనలు మరీ కఠినమైనవేమీ కావు. కేకు పొయ్యి మీద, ఇంట్లోనే చెయ్యాలి. చేసినవారి పేరు, కోసేవారి పేరు ఒకే కార్డులో ఉండాలి. చేసినవారూ కోసేవారూ ఒకరే కాకూడదు. కేకు తినడానికి పనికొచ్చేదై ఉండాలి. ఒకప్పుడు బేకరీ కేకులు కూడా చెల్లేవి. కాని రైల్లో కింది బెర్తు కోసం కొందరు వారానికి మూడేసి కేకులు కోసి, నెల తిరక్కుండా అరవై దాటిపోవడం మొదలుపెట్టారు. దాంతో ఆ వెసులుబాటు తీసేశారు.

పోనీ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో సత్యవేణి పుట్టినరోజు జరగలేదా అంటే, భేషుగ్గా జరిగింది. ప్రతి మార్చి పద్నాలుగునా పొద్దున్నే భర్త గంగాధరం పేపరు మడిచి, "సత్యా, ఇవాళ నీ పుట్టినరోజు కదూ. ఆ కుక్కరు కేకు చెయ్యవే, నీలా చేసేవాళ్ళు లేరు," అనేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. సత్యవేణి పాత కుక్కరుకి గాస్కెట్టు తీసి, విజిలు తీసి, అడుగున ఉప్పు పరిచి, తన కేకు తనే చేసుకునేది. సాయంత్రం శాఖనుంచి వచ్చిన మనిషి రిజిస్టరులో "తయారీ: స్వయం. చెల్లదు" అని రాసి, ఓ ముక్క తిని వెళ్ళేవాడు. కేకు ముక్క మిగిలేది కాదు, ఏడాది వచ్చేదీ కాదు.

ఆ ఇరవై రెండేళ్ళయినా పుట్టింటి నుంచి తెచ్చుకున్నవే. వాళ్ళమ్మ ఇత్తడి గిన్నె కింద ఇసుక, మూత మీద నిప్పులు పోసి, ఒక వైపు ఎప్పుడూ కాస్త నల్లబడే కేకు చేసి పెట్టేది. సత్యవేణికి ఆ నల్లబడ్డ వైపే ఇష్టం. పెళ్ళయి కార్డు మారాక అమ్మ చేసి పంపినా చెల్లలేదు, తర్వాత పంపడానికి అమ్మే లేదు.

వయసు ఆగినా ఒళ్ళు ఆగదు. జుట్టు నెరవడం, కళ్ళు మసకేయడం, మోకాళ్ళు అరగడం వయసు కిందికి రావనీ, వ్యక్తిగత అలవాట్ల కిందికి వస్తాయనీ శాఖ ఎప్పుడో సర్క్యులరు ఇచ్చింది. సత్యవేణి మోకాళ్ళు పట్టుకుని పేట ఆసుపత్రికి వెళితే డాక్టరు కార్డు చూసి నవ్వాడు. "ఇరవై రెండేళ్ళకి మోకాళ్ళ నొప్పులేంటమ్మా, డాన్సులవీ చేస్తుంటావా?" అన్నాడు. నలభై ఐదు దాటితేగాని కంప్యూటరులో మోకాళ్ళ పేజీ తెరుచుకోదట. ఆయన తప్పేమీ లేదు, పాపం. బస్సులో ఆమె కూర్చుని ఉంటే ముప్పై ఏళ్ళ ఆడపిల్లలు, "కాస్త లెగమ్మా, పెద్దదాన్ని," అని సీటు అడిగి కూర్చునేవాళ్ళు.

ఆమె యాభయ్యో పుట్టినరోజు రావలసిన ఏడు, జనవరిలో ప్రభుత్వం ఒక జీవో తెచ్చింది. వయసులు ఆగిపోయినవారు మార్చి ముప్పై ఒకటి లోపు చెల్లే కేకు ఒక్కటంటే ఒక్కటి కోస్తే, పాత ఏళ్ళన్నీ ఒకే విడతలో జమ అవుతాయి. గడువు పొడిగించబడదు. ఆ కాగితం వార్డు ఆఫీసు గోడ మీద చదివి సత్యవేణి అక్కడే కాసేపు నిలబడిపోయింది. ఇంటికొచ్చి తలుపు వేసుకుని అద్దం ముందు, "నాకు యాభై," అని అని చూసుకుంది. బాగానే అనిపించింది. ఇంకోసారి అంది.

ముందుగా మొగుణ్ణే అడిగింది. "ఏమండీ, ఈసారి కేకు మీరు చేద్దురూ."

"నేనా? నాకు గ్యాసు వెలిగించడమే రాదు కదే," అన్నాడు గంగాధరం. కసిరి అనలేదు, నిజంగానే ఆశ్చర్యపడి అన్నాడు. "అయినా ఇరవై రెండంటే బంగారంలాంటి వయసు. చేతులారా ఎవరు పోగొట్టుకుంటారు చెప్పు."

కిరీటిని అడిగితే, "వీడియో చూసి ట్రై చేస్తాలే అమ్మా," అన్నాడు. ఆ వీడియో అతను చూశాడు కూడా.

ఇక మిగిలింది మౌనిక. సంక్రాంతి వెళ్ళాక ఆమెకు పెళ్ళయింది. పేరు అత్తవారి కార్డులోకి ఏప్రిల్ ఒకటిన మారుతుంది. అంటే ఈ మార్చి దాటితే సత్యవేణికి కేకు చేసే చెయ్యి ఈ ఇంటి కార్డులో ఉండదు. ఫోనులో ఆ మాట చెప్పడానికి ఆమెకు వారం పట్టింది. మౌనిక అంతా విని, "నేనొస్తానమ్మా. నువ్వు కుర్చీలోంచి లేవకూడదు, అంతే," అంది. ఫోను పెట్టేశాక సత్యవేణి వంటింట్లో నిలబడే ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

పద్నాలుగో తేదీ పొద్దున పది గంటలకు శాఖ పరిశీలకుడు చక్రధరరావు రిజిస్టరుతో వచ్చి హాల్లో కూర్చున్నాడు. పద్ధతైన మనిషి. చెప్పులు బయటే విప్పాడు. సత్యవేణిని తనకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నిబంధనలు చదివి వినిపించాడు.

"పిండి జల్లించిన కాణ్ణించి కేకు కోసేదాకా మీరు వంటింటి గడప దాటకూడదమ్మా. గిన్నె, గరిటె, స్టవ్వు, ఏదీ ముట్టకూడదు. నోటిమాట సాయం మూడుసార్లు వరకూ ఒప్పుకుంటాం. నాలుగోది చెబితే మీరే చేసుకున్నట్టు లెక్క."

"అలాగేనండి," అంది సత్యవేణి.

మొదటి మాట పావుగంటలోనే ఖర్చయింది. "అమ్మా, గుడ్లెన్ని?" అని లోపల్నుంచి మౌనిక అడిగింది. "మూడు," అంది సత్యవేణి. చక్రధరరావు ఒక గీత గీశాడు. రెండోది బేకింగ్ పౌడరు డబ్బా ఎక్కడుందన్నదాని మీద పోయింది. మూడోది ఎవరూ అడక్కుండానే పోయింది. కుక్కరు మూత బిగించిన చప్పుడు వినగానే సత్యవేణి, "గాస్కెట్టు తీశావా?" అనేసింది. తీసిందట. ముందే తీసి గట్టు మీద పెట్టిందట. ఆ మాట అనవసరంగా పోయినందుకు ఆమె నాలుక కరుచుకుంది.

ఆ తర్వాత చాలాసేపు అంతా సవ్యంగానే జరిగింది. గంగాధరం పేపరు చదువుతున్నాడు. కిరీటి ఫోను చూసుకుంటున్నాడు. వంటింట్లో పని జరుగుతుండగా కుర్చీలో కూర్చోవడం సత్యవేణికి ఇరవై ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. వెనీలా వాసన వచ్చింది. అది తన కోసం వస్తున్న వాసనని తలుచుకుంటే కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది.

పదకొండున్నరకు మౌనిక ఫోను మోగింది. అత్తగారు. ఇడ్లీపిండికి మినప్పప్పు ఎంత నానబోయాలో, రవ్వ డబ్బా ఏ అరలో పెట్టిందో, అబ్బాయి నీలం చొక్కా ఇస్త్రీ అయిందో లేదో కనుక్కోవడానికి చేశారు. లోపల సిగ్నలు సరిగా అందక మౌనిక పెరటి గుమ్మం దాటి దడి దాకా వెళ్ళి, "అలాగే అత్తయ్యా, అదేనత్తయ్యా," అంటూ ఉండిపోయింది. పది నిమిషాలు మంట పెద్దది చేసి, తర్వాత సిమ్‌లో పెట్టాలి. పది నిమిషాలూ అయ్యాయి. మంట మాత్రం పెద్దదిగానే ఉంది.

వాసన మారిన సంగతి సత్యవేణి ముక్కు అందరికంటే ముందు పట్టింది. ఇంకా మాడలేదు. మాడబోయే ముందు వచ్చే వాసన అది. ఇంకో రెండు నిమిషాలుంటుంది. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మౌనికను కేకేస్తే అది నాలుగో మాట. లేస్తే చెల్లదు. ఊరుకుంటే కేకు బొగ్గవుతుంది, తినడానికి పనికిరానిదీ చెల్లదు. హాల్లో కార్డులో పేరున్న మగవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరికీ చేతులున్నాయి. ఆ స్టవ్వు మరను ఎడమకి తిప్పడానికి వాళ్ళకు ఏ నిబంధనా అడ్డు రాదు. ఆమె గంగాధరం వైపు చూసింది. గట్టిగా, కళ్ళతోనే చెప్పినట్టుగా చూసింది.

గంగాధరం పేపరులోంచి తల ఎత్తాడు. గాలి పీల్చాడు.

"సత్యా, ఏదో మాడుతున్నట్టుంది చూడు," అన్నాడు.

కిరీటి కూడా ఫోను మీంచి తల తిప్పకుండా, "అవునమ్మా, వాసనొస్తోంది," అన్నాడు.

తాను ఎప్పుడు లేచిందో సత్యవేణికి తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. మోకాళ్ళు కలుక్కుమనడం గుర్తుంది. వేళ్ళకింద మర వెచ్చగా తగలడం గుర్తుంది. మంట నీలంగా చిన్నదయి కుక్కరు అడుగుకి అంటుకుంది. వెనక్కి తిరిగేసరికి గడపకవతల చక్రధరరావు నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"పదకొండూ నలభై రెండు," అని రాసుకున్నాడు. ఆయన మొహంలో కూడా కాస్త బాధ కనిపించింది.

"అయ్యో, నేనేదో మామూలుగా అన్నానండి," అన్నాడు గంగాధరం.

"మీరు అనొచ్చండి. దానికి నిబంధనేం లేదు," అన్నాడు చక్రధరరావు. "ఆవిడ లేవకూడదు, అంతే."

పెరట్లోంచి పరిగెత్తుకొచ్చిన మౌనికకు సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "నాన్నా, నువ్వు తిప్పొచ్చుగా. పక్కనే ఉన్నావుగా," అంది. గంగాధరం తెల్లబోయి చూశాడు. ఆ మాట అతనికి తట్టలేదు, అంతే. దాచిపెట్టిందేమీ లేదు. తట్టి ఉంటే చేసేవాడేనని అతను ఇప్పటికీ నమ్ముతాడు.

"మళ్ళీ చేస్తానమ్మా. ఇంకో కేకు చేస్తాను," అని మౌనిక పిండి డబ్బా అందుకుంది. పుట్టినరోజుకి ఒక్క కేకే పరిగణిస్తారని, అది పదమూడో నిబంధన అని చక్రధరరావు నెమ్మదిగా చెప్పాడు. ఇలాంటి మాటలు ఆయన రోజుకి నాలుగిళ్ళలో చెబుతాడు. "మా ఇంట్లో కూడా ఆవిడ పంతొమ్మిది దగ్గర ఆగిపోయిందండి," అన్నాడు రిజిస్టరు మూసి.

కేకు మాత్రం దివ్యంగా వచ్చింది. ఎక్కడా నల్లబడలేదు. అందరూ రెండేసి ముక్కలు తిన్నారు. చక్రధరరావు ఇంటికని ఇంకో రెండు కాగితంలో చుట్టించుకున్నాడు. "ఎంతైనా నీ చెయ్యి పడితే ఆ తేడానే వేరు," అన్నాడు గంగాధరం. మౌనిక తినలేదు. ఆమె గట్టుకి ఆనుకుని ఏడుస్తుంటే సత్యవేణి తల నిమిరి, "ఊరుకోవే, నువ్వెంత బాగా కలిపావో," అంది. తనకేమీ అనిపించడం లేదని ఆమె చెప్పింది కాని, అది అబద్ధం. మార్చి ముప్పై ఒకటిన జీవో గడువు ముగిసింది, పొడిగించలేదు.

ఆ తర్వాత ఏడేళ్ళు గడిచాయి, గడిచినవాళ్ళకి. మౌనిక కార్డు మారింది. అత్తవారింట్లో అందరికీ ఆమె చేతి కేకంటే ఇష్టం. ఆమెకిప్పుడు ఇరవై ఆరు. నడుం నొప్పని ఆసుపత్రికి వెళితే ఈ వయసులో నొప్పులేంటన్నారట. ఆ సంగతి ఫోనులో చెబితే సత్యవేణి, "అవునే, ఆ వయసులో రావు," అంది. అనేశాక తన నోటికి ఆ మాట ఎలా వచ్చిందా అనుకుంది.

వేసవి సెలవులకు మౌనిక తన ఆరేళ్ళ కూతురు ధృతిని తీసుకొచ్చింది. ఆ పిల్లకు ఏటా క్రమం తప్పకుండా కేకు అందుతోంది, కార్డులో ఏ లోటూ లేదు. అప్పుడే గంగాధరం అరవై నాలుగో పుట్టినరోజు పడింది. సత్యవేణి కుక్కరు ఎక్కించి, మోకాళ్ళు లాగుతుంటే ఒక్క క్షణం హాల్లో కూర్చుంది. మౌనిక డాబా మీద బట్టలు ఆరేస్తోంది. గంగాధరం టీవీ చూస్తున్నాడు, కిరీటి ఫోను చూసుకుంటున్నాడు.

"ఏదో మాడుతున్నట్టుంది చూడండర్రా," అన్నాడు గంగాధరం.

సత్యవేణి కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోయేంతలో నేల మీద బొమ్మలేసుకుంటున్న ధృతి రివ్వున పరిగెత్తింది. ఎవరూ నేర్పలేదు. పీట లాక్కుని ఎక్కి, రెండు చేతులా మర పట్టుకుని ఎడమకి తిప్పింది. మంట చిన్నదయింది.

"చూశావా, ఎంత చురుకో. అచ్చం అమ్మమ్మే," అని గంగాధరం మురిసిపోయాడు. కిరీటి నవ్వి ఫోటో తీశాడు. సత్యవేణి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ పిల్లను పీట మీంచి దించి హాల్లోకి పంపేయాలనుకుంది. మొహం చూస్తే అది మెచ్చుకోలు కోసం వెలిగిపోతోంది. దించలేకపోయింది.

"అమ్మమ్మా, నీకెన్నేళ్ళు?" అంది ధృతి పీట దిగకుండానే.

"ఇరవై రెండమ్మా."

ధృతి వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. చాలక అమ్మమ్మ వేళ్ళు కూడా అడిగి పుచ్చుకుంది.

"అయితే ఇంకో పదహారేళ్ళకి నేనూ నీ అంత అయిపోతాను," అంది.

"అవుతావమ్మా," అంది సత్యవేణి. తర్వాత గుడ్డ తీసుకుని, ఇద్దరూ కలిసి గట్టు తుడిచారు.