నలభై అక్షరాల తాళంచెవి

ఇకపై ఏ ధరా ప్రభుత్వానికి తెలియకుండా పెరగడానికి వీల్లేదని ధరల శాఖ మంత్రిగారు ప్రకటించారు. విలేకరులం పద్నాలుగు మందిమి రాసుకున్నాం. పథకం ఇది: ఆన్‌లైన్ అంగడిలో ఉల్లిపాయల ధర మారిన క్షణంలోనే శాఖ వెబ్‌సైటులోనూ మారుతుంది. పక్కన ఒక ఎర్రచుక్క వెలిగి ఆరుతూ ఉంటుంది. దాన్ని లైవ్ అంటారు.

వెబ్‌సైటును అంగడి కంపెనీకి కలిపే పని ఒక కాంట్రాక్టు ప్రోగ్రామరుది. నలభై రెండేళ్ళ మనిషి. భర్త పనిచేసే ప్రెస్సు మూతపడింది; ఇంట్లోకి వచ్చే జీతం ఆమెదొక్కటే. కాంట్రాక్టు నెలాఖరుతో ముగుస్తుంది. రెన్యూవల్ ఫైలు డైరెక్టరుగారి బల్ల మీద ఉంది.

మూడు వారాల్లో ఆమె పని పూర్తిచేసింది. అంగడి కంపెనీ కీ పంపింది. ఆ సంగతి చెప్పడానికి ఆమె వచ్చినప్పుడు నేను డైరెక్టరుగారి గదిలో టీ తాగుతున్నాను.

"కీ వచ్చింది సార్."

"మంచిది. స్టోర్స్‌లో ఎంట్రీ చేయించారా?"

"అది మామూలు తాళంచెవి కాదు సార్. నలభై అక్షరాలు. మన సైటు ఆ అక్షరాలు చెబితేనే వాళ్ళు ధర చెబుతారు."

"తాళం తీస్తుందా, తీయదా?"

"ఒకరకంగా తీస్తుంది సార్."

"అయితే ఎంట్రీ చేయించండి."

స్టోర్‌కీపరు రిజిస్టరు తెరిచి అడగవలసినవన్నీ అడిగాడు. చివరికి ఇలా రాశాడు: తాళంచెవి, ఒకటి. లోహం, లేదు. బరువు, లేదు. డూప్లికేట్లు, అవసరమైనన్ని.

సంగతి మంత్రిగారి దాకా వెళ్ళింది. కీ అప్పగింత గదిలో కాదు, సభలో జరగాలని ఆయన సెలవిచ్చారు. వడ్రంగి ప్లైవుడ్‌తో ఆరడుగుల తాళంచెవి చేశాడు. బోర్డులు రాసే పెయింటరు దాని మీద నలభై అక్షరాలూ రాశాడు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, మధ్యలో అంకెలు. ఒక్కటీ తప్పు పోలేదు. ఇంత తప్పులేని బోర్డు ఆ శాఖలో నేను అంతకుముందు చూడలేదు.

వేదిక మెట్ల దగ్గర ప్రోగ్రామరు మంత్రిగారికి అడ్డం వెళ్ళింది.

"సార్, ఈ అక్షరాలు బయటివాళ్ళు చూడకూడదు."

"ఎందుకు చూడకూడదమ్మా? దాచుకోవడానికి మేమేమన్నా ప్రతిపక్షమా?"

మంత్రిగారు తాళంచెవిని తలపైకెత్తి పట్టుకున్నారు. మా ఫొటోగ్రాఫరుది మంచి కెమెరా. మర్నాడు మొదటి పేజీలో ఆ నలభై అక్షరాలూ కళ్ళజోడు లేకుండా చదువుకునేలా వచ్చాయి. మధ్యాహ్నానికల్లా ఎవరెవరో ఆ కీని నాలుగు లక్షలసార్లు వాడారు. సాయంత్రం కంపెనీ దాన్ని రద్దుచేసింది.

కొత్త ధర అందకపోతే చివరిసారి అందిన ధరనే చూపించేలా ఆమె సైటును తయారుచేసింది. తెర ఖాళీగా ఉండడం కంటే అది నయమనుకుంది. చివరిసారి అందిన ధర కిలో ముప్పై. సైటు ముప్పై దగ్గర ఆగింది. ఎర్రచుక్క మాత్రం ఆగలేదు. దానికీ ధరకూ సంబంధం లేదు. మంత్రిగారి పేషీ కోరిక మీద విడిగా పెట్టింది.

ఆ వారం సరుకు తగ్గి ఉల్లి ధర పెరిగింది. బజారునుంచి ఆమె మామగారు ఫోన్ చేశారు. నేను వార్త కోసం ఆమె బల్ల దగ్గరే ఉన్నాను. పెద్దాయన గొంతుకు స్పీకరు అవసరం లేదు.

"అమ్మాయ్, నీ సైటేమో ముప్పై అంటోంది. కొట్టువాడేమో అరవై రెండంటున్నాడు."

"కొట్టువాడిదే నిజం మామయ్యా."

"వాడూ అదే అన్నాడు. ఫోన్ తీసి చూపిస్తే, 'అయితే అందులోంచే తూయించుకో పెద్దాయనా' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు."

"రెండ్రోజులు ఆగండి. కొత్త కీ అడిగాను."

"సరే, మీ అత్తయ్యకు చెబుతాలే, రెండ్రోజులు పొయ్యి వెలిగించొద్దని."

ఆ రెండ్రోజుల్లోనే మంత్రిగారు విలేకరుల సమావేశం పెట్టారు. పథకం మొదలైన ఈ పదకొండు రోజుల్లో ఉల్లి ధర ఒక్క పైసా కదల్లేదని, చరిత్రలో ఇలా ఎన్నడూ జరగలేదని చెప్పారు. తెర మీద ముప్పై చూపించారు. చుక్క వెలిగింది.

"సార్, బజారులో అరవై రెండు," అన్నాను.

"అది ఆఫ్‌లైన్," అన్నారు మంత్రిగారు.

చప్పట్లు మోగాయి. అందరం రాసుకున్నాం.

కొత్త కీ గురువారం వచ్చింది. శుక్రవారం నెలాఖరు. ఆమె ఆ కీ రాసుకున్న కాగితం పట్టుకుని డైరెక్టరుగారి గదికి వచ్చింది. నేనున్నానని ఇద్దరూ మాట మార్చలేదు. ఆ గదిలో నన్ను కుర్చీతో కలిపి లెక్కేస్తారు.

"సార్, ఇది పెడితే ఐదు నిమిషాల్లో అసలు ధర వస్తుంది."

"వస్తే?"

"జనానికి తెలుస్తుంది."

"జనానికి తెలియంది ఏముందమ్మా, కొనేది వాళ్ళే కదా. మంత్రిగారికి తెలుస్తుంది. అదీ చిక్కు."

"ఇప్పుడు మనం చూపించేది తప్పు ధర సార్."

"తప్పు కాదు, పాతది. తప్పైతే నేనే ఊరుకోను."

"పోనీ, ఆ చుక్కైనా తీసేస్తాను."

"చుక్క తీస్తే లైవ్ కాదనుకుంటారు."

ఆయన ఆమె ఫైలును దగ్గరకు లాక్కున్నారు. పెన్ను మూత తీశారు. సంతకం పెట్టలేదు.

"ఏం చేద్దామంటారు?"

ఆమె పెన్ను వంక చూసింది. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. డైరెక్టరుగారు సంతకం పెట్టారు. నేను టీ ముగించాను.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఏడాది అడిగితే మూడేళ్ళు ఇచ్చారు. కింద ఒక పేరా అదనంగా ఉంది. ఆమె నైపుణ్యం దృష్ట్యా సోమవారం నుంచి ఆమెను నీటిపారుదల శాఖకు డిప్యుటేషన్ మీద పంపుతున్నారు. ఊరికి ఎగువనున్న ఆనకట్టలో నీటిమట్టం ఎంతుందో అక్కడి సైటు ప్రజలకు లైవ్‌లో చూపించాలి. ఆ శాఖ మంత్రి ఆమెనే కావాలని స్వయంగా అడిగారట.

"మా నీళ్ళు కూడా మీ ఉల్లిపాయల్లా ఒకచోట నిలబడాలి అన్నారు," అని డైరెక్టరుగారు నాతో గర్వంగా చెప్పారు. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మొదటిసారి వాన హోరులో నాకు వినపడలేదు.