మూతపడని పెద్దోడు

ఆ రోజు ఉదయం మేస్త్రీ అనుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికి మూడు కత్తులతో తాడు కోసి చూడాలి, ఎనిమిదిన్నరకు బస్సెక్కాలి, పదిలోపల యజమాని ముందు నిలబడి ఏది మంచిదో చెప్పాలి. అంతే. అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరిగిపోతే మరి చెప్పుకోవడానికి కబుర్లెక్కడ మిగులుతాయి?

ఆయన పనిచేసేది లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే కార్ఖానాలో. ఆ మందపాటి గుడ్డనూ, దాన్ని బిగించే మోకులనూ కోయడానికి అక్కడ నలభై మంది జేబుల్లోనూ మడత కత్తులుంటాయి. పోయిన ఏడాది ఒకాయన మోకు కోస్తుండగా కత్తి దానంతటది ముడుచుకుని చూపుడువేలి మీద పడింది. ఏడు కుట్లు వేశారు. అప్పటినుంచి ఆయన పేరే ఏడుకుట్లయిపోయింది. అసలు పేరు కట్టుకున్న భార్యకైనా గుర్తుందో లేదో. ఆ రోజు ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చుని, "ఇంకొకళ్ళకి ఇట్లా కానివ్వను," అని మేస్త్రీ మాటిచ్చాడు.

ఇన్నాళ్ళకు కత్తులు మార్చే సమయం వచ్చింది. ఒకే రకం కత్తి, మూడు సైజుల్లో, మూడు రకాల లాకులతో కత్తుల కంపెనీవాళ్ళు నమూనాలు పంపారు. యజమానికి తేలికగా, ముద్దుగా ఉన్న చిన్నది నచ్చేసింది. అది రెండు వస్తే ఒకటి తన దగ్గరే ఉంచేసుకున్నాడు. "పదింటికల్లా వచ్చి వేరే మాట చెప్పావా సరే, లేదా చిన్నదానికే సంతకం పెట్టేస్తా," అన్నాడు.

అందుకే ఆ మూడూ మేస్త్రీగారింటి భోజనాల బల్ల మీద వరసగా పడుకుని ఉన్నాయి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"పెద్దోడు, నడిపోడు, చిన్నోడు! ముగ్గురిదీ ఒకటే పోలిక," అని మురిసిపోయింది.

భార్య బట్టలారేసే తాడు తెచ్చి ఇచ్చింది. "చివర జానెడు కోసుకోండి, అంతే. మిగతాది నాకు కావాలి."

జానెడుతో మొదలై మూడు జానలు పోయాయి. చిన్నోడు సగం కోసేసరికి లాకు జారి ముడుచుకోబోయాడు. నడిపోడు కోయడమైతే కోశాడుగానీ, రెండో దెబ్బకే కీలు వదులై ఊగడం మొదలుపెట్టాడు. పెద్దోడి సంగతి వేరు. తాను తెగిన సంగతి తాడుకే తెలియలేదు. మేస్త్రీ సంబరపడి కాగితం మీద పెద్దోడి పేరు రాసి, కత్తిని మూయబోయాడు.

మూసుకోలేదు.

బలమంతా పెట్టి నొక్కాడు. లాభం లేదు. "ఇట్లా ఇవ్వండి, మీకు ప్రతిదానికీ తొందరే," అని భార్య అందుకుంది. ఆవిడ ముఖం ఎర్రబడిందిగానీ కత్తి మాత్రం కదల్లేదు. "రెండు చుక్కలు నూనె వెయ్యండి నాయనా, తలుపు బందులకి నేనదే వేస్తా," అంది అత్తగారు. నూనె వేశాక పిడి జారడం మొదలైంది. జారుతోందని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ముగ్గురూ వంతులు వేసుకుని పెనుగులాడేసరికి ఎనిమిదిన్నర బస్సు వెళ్ళిపోయింది.

"దాన్ని ఇంట్లో వదిలేసి, నోటితో చెప్పండి," అంది భార్య.

"నా నోటి మాట ఆయన ఎప్పుడు విన్నాడే? కత్తి చేతిలో పెట్టాలి."

"అయితే తెరిచిన కత్తి ప్యాంటు జేబులో పెట్టుకుని బస్సెక్కుతారా? సీట్లో కూర్చుంటే ఏమవుతుందో ఆలోచించారా?"

మేస్త్రీ ఆలోచించాడు. ఆలోచించి జేబు మీది చెయ్యి తీసేశాడు.

భార్య వంటింట్లోకి వెళ్ళి పెద్ద క్యాబేజీ పట్టుకొచ్చి, పెద్దోణ్ణి అందులోకి పిడిదాకా దించేసింది. "కూరకి తెచ్చింది. జాగ్రత్తగా వెనక్కి తీసుకురండి."

చిన్నోణ్ణీ నడిపోణ్ణీ ముడిచి జేబులో వేసుకుని, క్యాబేజీని చంటిబిడ్డలా ఒడిలో పెట్టుకుని మేస్త్రీ తొమ్మిది గంటల బస్సులో కూర్చున్నాడు. పక్క సీటు ముసలావిడ రెండు స్టాపుల దాకా ఓర్చుకుంది.

"ఏం బాబూ, క్యాబేజీకి పిడి మొలిచిందేంటి?"

"కత్తి, పిన్నిగారూ. మూసుకోవట్లేదు."

"కత్తా!" అని వెనక సీటాయన లేచాడు. ఆయన లేచాడని మరో నలుగురు లేచారు. కండక్టరు వచ్చి, "బస్సులో సామాన్లు అమ్మకూడదు, దిగు," అన్నాడు. అమ్మడం లేదని చెప్పడానికి మేస్త్రీ మూడు కత్తుల కథా మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. చెబుతూ చెబుతూ చిన్నోడి లాకు ఎందుకు పనికిరాదో వివరించాడు. అంత శ్రద్ధగా వివరించేవాడు అమ్మేవాడు కాకపోతే ఇంకెవడు? ఇద్దరు అడ్రసు అడిగారు. ఒకావిడ కొబ్బరికాయ కోస్తుందా అంది.

"అసలు మూసుకోకపోవడమేంటి, ఇటు తే," అని కండక్టరు టికెట్ల మిషను చంకలో పెట్టుకుని ప్రయత్నించాడు. ఆయన వల్ల కాలేదు. డ్రైవరు బస్సు పక్కకి ఆపి, "స్టీరింగు తిప్పే చేతులయ్యా ఇవి," అని వచ్చాడు. ఆయన వల్లా కాలేదు. ఆ తర్వాత బస్సంతా వరస కట్టింది. వెనకాల ఆగిపోయిన బండ్లన్నీ హారన్లు కొట్టాయి. హారన్లకి పోలీసాయన వచ్చాడు.

"టైము పదవుతోందండీ, నన్ను వదిలెయ్యండి," అని మేస్త్రీ చేతులు జోడించాడు. జోడించిన చేతుల మధ్య కత్తి ఉంది. పోలీసాయనకి ఆ దండం నచ్చలేదు.

"నా సర్వీసులో ఎన్ని కత్తులు చూశానో తెలుసా?" అని లాక్కుని, తనూ ఐదు నిమిషాలు కుస్తీ పట్టాడు. చివరికి చెమట తుడుచుకుని, "నువ్వు చెప్పేది నిజమో కాదో మీ కార్ఖానాలోనే తేలుద్దాం. బండెక్కు," అన్నాడు.

వాళ్ళు చేరేసరికి పదింపావు దాటింది. పోలీసాయన ముందు, క్యాబేజీతో మేస్త్రీ వెనక. కుట్టుమిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మేస్త్రీ ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. ఏడుకుట్లు ముఖం అసలే చూడలేకపోయాడు. ఈపాటికి సంతకం అయిపోయి ఉంటుంది.

గదిలోంచి యజమాని పరుగున వచ్చాడు. కుడి బొటనవేలికి ఇంత లావు కట్టు.

"అయ్యయ్యో, పోలీసుల్నెవరు పిలిచారు? నన్నెవరూ పొడవలేదండీ! నేనే కోసుకున్నా!"

పోలీసాయన కట్టునూ, క్యాబేజీనీ, మేస్త్రీనీ మార్చి మార్చి చూశాడు. "దేంతో?"

"నా దగ్గరుంచుకున్న చిన్న కత్తితో. ఆపిల్ చెక్కు తీస్తుంటే టక్కున ముడుచుకుంది. కలం పట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది."

సంతకం కాలేదు! మేస్త్రీ పక్కనున్న టార్పాలిన్ చుట్ట మీద కూలబడ్డాడు.

"మరి నువ్వు తెచ్చింది ఇట్లా ముడుచుకోదుగా?" అన్నాడు యజమాని.

"అదేనండీ గొడవ. ఇది అసలు ముడుచుకోదు."

"మడత పడని మడత కత్తి నేనేం చేసుకోనయ్యా!"

అప్పుడు ఏడుకుట్లు ముందుకొచ్చాడు. దెబ్బ తగిలినప్పటినుంచీ ఆయన ఏ కత్తినైనా తేలుని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతోనే పట్టుకుంటాడు. పెద్దోణ్ణీ అట్లాగే క్యాబేజీలోంచి లాగి, లాకు మీద వేలు ఆనించాడు. కత్తి బుద్ధిగా మడతపడి కూర్చుంది.

"పిడి కింద చిన్న మీట ఉంది మేస్త్రీగారూ," అన్నాడు. "గట్టిగా పట్టుకుంటే అరచెయ్యి దాన్ని నొక్కేస్తది. నొక్కినంతసేపూ మూసుకోదు. పట్టు వదిలితే మూసుకుంటది."

అంటే పనిచేసే చేతిలో అది ఎప్పటికీ ముడుచుకోదన్నమాట. పొద్దున్నుంచీ బస్సు బస్సంతా దాని గొంతు పిసికినట్టు పట్టుకుని, మూసుకోలేదని తిట్టింది. మేస్త్రీ నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. పోలీసాయన కూడా రెండు వేళ్ళతో తెరిచి మూసి, తెరిచి మూసి, అక్కడినుంచి కదలడానికి ఇష్టపడలేదు.

"నలభై పెద్దవి," అన్నాడు యజమాని. మళ్ళీ ఎవరి మనసైనా మారుతుందేమోనని అప్పటికప్పుడు ఎడమచేత్తోనే సంతకం గీకేశాడు.

పది రోజులకు నలభై కత్తులూ క్షేమంగా వచ్చాయి. ఇకమీదట ఆర్డరు కాగితం మీద పిల్లల చేత కాకుండా పెద్దవాళ్ళ చేత సంతకం పెట్టించమని పెట్టెలో కంపెనీవాళ్ళ చీటీ ఒకటి కూడా వచ్చింది.