మార్కాపురంలో ఆరుబయట చదువు

చదువుకునే కుర్రవాడికి రూము ఎందుకండీ? నాలుగు గోడల మధ్య బుద్ధి ఎక్కడ పెరుగుతుంది? విద్యార్థికి అద్దె ఇల్లు దొరకకపోవడమంత అదృష్టం మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను!

నమ్మకం లేకపోతే మా మార్కాపురం వచ్చి కృపావరాన్ని అడగండి. దొనకొండ పక్క పల్లెలో కూలి చేసుకునే జ్ఞానయ్య కొడుకు. మిషను బడి ముగించి, హైస్కూలు చదువు కోసం ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మా ఊళ్లో దిగాడు. నేరుగా మా ఎదురింటి వెంకటసుబ్బులమ్మ గారి అరుగు దగ్గరికి వచ్చాడు.

“రూము ఖాళీగానే ఉండాది నాయనా. నిమ్మళంగా చదువుకోవచ్చు. నీ పేరేంది?”

“కృపావరం అండి.”

ఆమె ఒక మెట్టు పైకి జరిగింది. “అయ్యో, మరిసేపోయినా! రేపు మా మేనల్లుడు వస్తాండాడు.”

ఆ పేరులో ఏం మహిమ ఉందో గానీ, అది చెప్పిన ప్రతి ఇంటికీ ఒక మేనల్లుడు బయలుదేరాడు! ఇంతమంది కోసం రైల్వే వారు స్పెషల్ బండి వేయవద్దా?

అలా భాగ్యం పట్టి కృపావరం ఆరుబయట పడ్డాడు. పొద్దుటిపూట అతనికి ఇష్టమైన చోటు చెన్నకేశవస్వామి గోపురం నీడ. లోపల కాదు సుమండీ, గోడ బయట! మనుషులకు ఆచారం ఉంది గానీ నీడకు ఇంకా ఎవరూ నేర్పలేదు. ఎవరి మీద పడితే వారి మీద పడుతుంది. ఎవరైనా పెద్దలు కసిరితే పుస్తకం మూసి అవతలికి జరగడమే. వ్యాయామం అంటే అదే కదా!

సాయంత్రం పలకల గని పక్కన రాతిముక్కల గుట్ట. మేస్త్రీ మౌలా సాహెబ్ విరిగిన పలకలు ఏరి ఇస్తే వాటి మీద జామెట్రీ. పడక కూడా ఆయన పనిచేసే షెడ్డులోనే. మూడు పక్కల గోడ, నాలుగో పక్క నల్లమల దాకా వెంటిలేషన్!

పరీక్షల ముందు ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. చరిత్ర పుస్తకంలో మొగలాయిలంతా ముద్దయ్యారు. కృపావరం ఆ ముద్దను పట్టుకుని ఏడ్చేశాడు.

“మా నాయన ఎండలో పనికి పోయి కొనిచ్చినాడు సాయిబూ!”

“ఏడిస్తే ఆరుతాదా బేటా? ఇట్ల దా” అని మౌలా సాహెబ్ అతణ్ణి తన ఒంటిగది ఇంటికి తీసుకుపోయాడు.

ఆయన భార్య హలీమాబీ పొయ్యి చుట్టూ కాగితాలు పరిచి, ఒక్కొక్కటే చిరగకుండా విడదీసింది. ఆమెకు అక్షరం రాదు. ఎవరి వెనక ఎవరు రాజ్యమేలారో కృపావరమే కథలా చెబుతూ వరస పెట్టాడు. అవి ఆరేలోగా చరిత్రంతా నోటికి వచ్చేసింది. చూశారా వాన చేసిన ఉపకారం!

ఎస్.ఎస్.ఎల్.సి.లో అతనే ఫస్టు. ఊరి పెద్దలు సభ పెట్టారు. అధ్యక్షుల వారు పూలదండ వేసి, “మన ఊరి గాలే ఈ కుర్రవాణ్ణి ఇంతవాణ్ణి చేసింది!” అని గర్జించారు. చప్పట్లు! ఆ ఊపులో, “ఈ ఊరు నీకేం చేయాల్నో అడుగబ్బాయ్!” అన్నారు.

కృపావరం దండ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఒక తలుపు కావాల్నయ్యా. లోపల్నించి గడియ పెట్టుకునేది. నాకు కాదు, నేను పోతాండా. మా పల్లె నుంచి ఇంకొకడు వస్తాండాడు.”

అధ్యక్షుల వారు గడియారం చూసుకుని వందన సమర్పణ కానిచ్చారు.

తరువాత పెద్దలందరూ ఆరుబయట గాలి ఎంత మేలో చెప్పుకుంటూ ఇళ్లకు వెళ్లి, తలుపులు వేసుకున్నారు.